పొద్దున ఏమీ తినకుండా బడికి వెళ్తే పిల్లల చదువు మీద నిజంగా ప్రభావం ఉంటుందా?

బోడుప్పల్ అమ్మ | సోమవారం, రాత్రి 9:50

మా పాప మూడో తరగతి. స్కూలు బస్సు మా సందు చివరికి 7:10కి వస్తుంది. ఆరున్నరకి లేపితే ముఖం కడిగించి, జడలు వేసి, బూట్లు తొడిగేసరికే ఏడు దాటుతుంది. జడ వేస్తూ నోట్లో ఇడ్లీ ముక్క పెడితే బస్సెక్కేదాకా అది బుగ్గలోనే ఉంటుంది, మింగదు. పాలు తాగిస్తే నాగోల్ దాటకముందే వాంతి. రెండు నెలల నుంచి గ్లాసు మంచినీళ్లు తాగి వెళ్లిపోతోంది. డబ్బాలో పెట్టింది 10:40 బ్రేక్‌లోనే తింటుంది.

శుక్రవారం డైరీలో టీచరు రాశారు: "రెండో పీరియడ్ నుంచి తల బెంచీ మీద పెట్టేస్తోంది. లెక్కలు సగంలో వదిలేస్తోంది." తిండి లేకే అని మా అత్తగారు. నిద్ర చాలకే అని మా వారు. పోయిన ఏడాది ఇదే పిల్ల ఎక్కాలు గడగడా అప్పజెప్పేది. ముందు ఏది సరిచేయాలి? టిఫిన్‌కీ చదువుకీ ఉన్న సంబంధం నిజమా, లేక మనం అలవాటుగా అనుకునే మాటా? మీ పిల్లల విషయంలో చూసింది చెప్పండి.

లెక్కల సారు | సోమవారం, రాత్రి 10:25

అమ్మా, నేను పాతబస్తీలో సర్కారు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. 22 ఏళ్లయింది. పరిశోధనలు ఏమంటాయో ఇక్కడ తెలిసినవాళ్లు చెబుతారు. నేను కళ్లారా చూసేది చెబుతాను.

ఏడో తరగతిలో ఒకబ్బాయి ఉండేవాడు. పొట్టని బెంచీ అంచుకి అదిమిపెట్టి, ముందుకి వంగి రాసేవాడు. "కడుపునొప్పా బేటా?" అంటే "నై సార్, ఐసే హీ" అనేవాడు. ఒకరోజు బోర్డు మీద 37ని 8తో గుణించమన్నాను. ఏడెనిమిదులు యాభై ఆరు అని 6 వేశాడు. చేతిలో 5 ఉంచుకోవాలి. మూడెనిమిదులు ఇరవై నాలుగు అని పక్కన 24 వేసి 246 అని రాసి కూర్చున్నాడు. ఆ 5 ఎటు పోయిందో వాడికే తెలియదు. అదే రోజు మధ్యాహ్నం భోజనమయ్యాక అలాంటిదే ఇంకో లెక్క ఇచ్చాను. తప్పు లేకుండా చేశాడు. ఎక్కం వాడికి వచ్చు, పద్ధతీ వచ్చు. ఆకలి మీద ఉన్నప్పుడు చేతిలో పట్టుకున్న అంకె నిలవడం లేదు, అంతే.

తర్వాత మెల్లగా కూర్చోబెట్టి అడిగితే, రాత్రి ఎనిమిదికి తిన్నదే తిండి అన్నాడు. మా బడిలో అన్నం పెట్టేది 12:45కి. మీరే లెక్కేయండి, దగ్గర దగ్గర 17 గంటలు.

కూకట్‌పల్లి నాన్న | సోమవారం, రాత్రి 11:05

సార్, మీ అనుభవాన్ని కాదనను. కానీ నా ఉద్యోగం డేటాతో కాబట్టి ఒక జాగ్రత్త చెప్పాలనిపిస్తోంది. పొద్దున్నే తిని వచ్చే పిల్లలకి మార్కులు ఎక్కువ రావడం చాలాచోట్ల కనబడుతుంది. వేల్స్‌లో 9 నుంచి 11 ఏళ్ల పిల్లలు సుమారు 5,000 మందిని చూసి 2015లో ప్రచురించారు. టిఫిన్ తినేవాళ్లు టీచర్ల మదింపులో సగటు కంటే పైన ఉండే అవకాశం రెండింతల దాకా ఉందన్నారు. దాన్ని పట్టుకుని అందరూ "టిఫిన్ తింటే తెలివి రెట్టింపు" అని ఫార్వర్డ్ చేశారు.

పొద్దున్నే కూర్చోబెట్టి తినిపించే ఇల్లు ఎలాంటిది? సాయంత్రం హోంవర్కు కూడా చేయిస్తుంది, వేళకి పడుకోబెడుతుంది. మార్కులు ఆ ఇంటివా, ఇడ్లీవా? కొందరు పిల్లలకి పెట్టి, కొందరికి పెట్టకుండా పోల్చి చూస్తే తప్ప తేలదు.

మా బాబు ఆరో తరగతి. పొద్దున ఏమీ తినడు, క్లాసులో బాగానే ఉంటాడు. అందుకే అడుగుతున్నాను.

తార్నాక విద్యార్థిని | మంగళవారం, ఉదయం 6:40

నేను పోషకాహారంలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. కూకట్‌పల్లి నాన్నగారి ప్రశ్న సరైనదే. అలా పోల్చి చూసినవీ ఉన్నాయి. నాకు బాగా నచ్చినది జమైకాది.

1989లో వచ్చిన అధ్యయనంలో ఒకే పిల్లాణ్ని వారం తేడాతో రెండు పొద్దుల్లో పరీక్షించారు. ఒకరోజు టిఫిన్ పెట్టారు. ఇంకోరోజు చక్కెర లేకుండా, వేరే తీపి వేసిన టీ మాత్రమే ఇచ్చారు. పిల్లాడూ అదే, ఇల్లూ అదే కాబట్టి మీరన్న చిక్కు ఇక్కడ రాదు. వయసుకి తగ్గ ఎత్తు లేని పిల్లలు, చిన్నప్పుడు తీవ్రంగా పోషకాహార లోపానికి గురైన పిల్లలు టిఫిన్ లేని రోజున కొన్ని పరీక్షల్లో వెనకబడ్డారు. వాళ్లలో బక్కచిక్కిన పిల్లలైతే, చెప్పిన అంకెల్ని వెనక నుంచి తిరిగి చెప్పే పరీక్షలోనూ వెనకబడ్డారు. లెక్కల సారు, మీ 246 చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే. అంకెని మనసులో పట్టుకుని ఇంకో పని చేయడం.

బలంగా ఉన్న పిల్లల్లో అంత తేడా రాలేదు. అంకగణితంలో వాళ్లకి టిఫిన్ లేని రోజే కొంచెం ఎక్కువ వచ్చింది కూడా. కాబట్టి కూకట్‌పల్లి నాన్నగారూ, మీ బాబు బాగానే ఉండటం వింత కాదు.

1998లో అక్కడే పల్లె బడుల్లో పెద్ద ప్రయోగం జరిగింది. 16 బడులు, 814 మంది పిల్లలు. సగం మందికి ఏడాదిపాటు బడిలోనే టిఫిన్, మిగతా సగానికి నారింజలో నాలుగో వంతు ముక్క. పలకరింపూ శ్రద్ధా ఇద్దరికీ సమానంగా ఉండాలని ఆ ముక్క. టిఫిన్ అందినవాళ్లు బడికి రావడం పెరిగింది, ఎత్తూ బరువూ కొంచెం మెరుగయ్యాయి, చిన్న తరగతుల పిల్లల లెక్కలు బాగుపడ్డాయి. చదవడంలోనూ స్పెల్లింగుల్లోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

ఘట్‌కేసర్ నానమ్మ | మంగళవారం, ఉదయం 9:15

నా మనవరాలు టైపు చేస్తున్నది, నేను చెప్తున్న.

మా చిన్నప్పుడు టిఫిన్ అనే మాటే లేదు. పొద్దుగాల గట్క వండుతుండె. జొన్నలు పలుగ్గ విసిరి ఉడకబెట్టి, చల్లతోని కలుపుకొని తాగుడే. లేకపోతే రాత్రి అన్నంల చల్ల పోసి ఉంచిన సద్ది, ఉల్లిగడ్డ ముక్క, పచ్చిమిరపకాయ. అది తిని మూడు మైళ్లు నడిచి బడికి పోయినం. పెద్దల మాట సద్దిమూట అంటరు. మూట కట్టుకొని పోయెటంత విలువ ఉండె ఆ సద్దికి.

గిప్పుడు అమ్మలకు పొద్దుగాల నాలుగు గంటలకు లేసి ఇడ్లీలు, దోశలు, చట్నీలు చెయ్యాల్నంటే ఎట్ల అయితది? రాత్రే చేసి పెట్టుకునే తిండి ఉండాలె. బిడ్డా, బోడుప్పల్ అమ్మా, నీ బిడ్డకు పొద్దుగాల వేడి ఇడ్లీ గొంతు దిగదు. చల్లగ ఉన్నది దిగుతది. నా మాట విని ఒక్క గిన్నె పెరుగన్నం పెట్టి చూడు. పాలు అయితే బస్సుల వాంతి అయితది, పెరుగు అట్ల గాదు.

బోరబండ ఆటో అన్న | మంగళవారం, మధ్యాహ్నం 2:30

నాకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఐదు, చిన్నోడు రెండు. సర్కారు బడి. నా భార్య నాలుగు ఇండ్లల్ల వంట చేస్తది. పొద్దుగాల 5:30కి ఎల్లిపోతది. నేను రాత్రి పన్నెండు దాకా బండి నడిపి వస్త. ఏడింటికి లేసి పిల్లలకు చాయ్ పెట్టి, రెండు బిస్కెట్లు ఇచ్చి బడి కాడ దింపుత. నాలుగు ఇండ్ల పిల్లలకు దోశలు పోసే మనిషి పిల్లలు చాయ్ తాగి పోతున్నరు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ అందరూ రాసింది చదివినంక చెప్పాలనిపించింది.

చాయ్‌ల పాలున్నయి కదా, చక్కెర ఉన్నది కదా. కొంచెం అన్న బలం ఉంటదా లేదా? ఎవరైనా సరిగ్గ చెప్పండి.

మలక్‌పేట పిల్లల డాక్టరు | మంగళవారం, రాత్రి 9:20

ఆటో అన్నా, మీరు దాచకుండా చెప్పినందుకు ముందుగా సంతోషం. మీరు రోజూ లేచి పిల్లల్ని బడి దాకా దింపుతున్నారు. చాలా ఇళ్లలో అదీ జరగడం లేదు.

చాయ్ గురించి సూటిగా చెబుతాను. కాసేపు ఆకలి తెలియకుండా చేస్తుంది, కడుపు నింపదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, చాయ్‌లోని టానిన్లు తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దన్నారు. అది పెద్దవాళ్లకి కూడా. పిల్లలకి చాయ్ అసలు అవసరమే లేదు.

ఐరన్ సంగతి ఎందుకు ఎత్తానంటే, "క్లాసులో తల వాల్చేస్తోంది" అని వచ్చే పిల్లల్లో నేను చూసేది టిఫిన్ ఒక్కటే కాదు. రక్తం తక్కువగా ఉంటే కడుపునిండా తిన్నా అలసటే, ధ్యాస నిలవకపోవడమే. 5 నుంచి 11 ఏళ్ల పిల్లలకి హిమోగ్లోబిన్ 11.5 కంటే తగ్గితే రక్తహీనత అంటాం. బోడుప్పల్ అమ్మగారూ, ఒక్కసారి పాపకి ఆ పరీక్ష చేయించండి. అలాగే నులిపురుగులు. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. ఆరోజు పిల్లని బడి మానిపించకండి. సర్కారు బడుల్లో వారానికొకసారి ఐరన్ మాత్ర కూడా ఇస్తారు, చిన్న తరగతులకి గులాబీ రంగుది, పెద్ద పిల్లలకి నీలం రంగుది. మలం నల్లగా వస్తోందని భయపడి చాలామంది మాన్పిస్తుంటారు. అది ఐరన్ వల్లే, భయం లేదు.

ఇక నిద్ర. మీ వారి మాటలోనూ నిజం ఉంది. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఆరున్నరకి లేవాలంటే తొమ్మిదిన్నరకి గాఢనిద్రలో ఉండాలి. మీ పాప ఎన్నింటికి పడుకుంటోంది? రాత్రి భోజనం ఎన్నింటికి?

బోడుప్పల్ అమ్మ | మంగళవారం, రాత్రి 10:10

డాక్టరుగారూ, భోజనం తొమ్మిదిన్నరకి. మా వారు ఆఫీసు నుంచి వచ్చేసరికి అంతే అవుతుంది, అందరం కలిసి తినాలని ఆగుతాం. పడుకునేసరికి 10:40. ఇప్పుడిది టైపు చేస్తుంటే కూడా పక్కనే మెలకువగా ఉంది. ఆరున్నరకి అరగని కడుపుతో లేపి ఇడ్లీ పెడుతున్నానని నాకు ఇప్పుడే తట్టింది.

ఇంటర్ అబ్బాయి | బుధవారం, ఉదయం 5:50

నేను దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక కాలేజీ హాస్టల్లో ఉంటాను. ఐదింటికి లేపుతారు. 6 నుంచి 7:45 దాకా స్టడీ అవర్. టిఫిన్ ఎనిమిదికి. లైన్లో నిలబడి ప్లేటు చేతికొచ్చేసరికి 8:20, క్లాసు 8:30. పది నిమిషాల్లో పూరీ మింగి పరిగెత్తాలి. చాలామంది లైను చూసి మానేస్తారు.

స్టడీ అవర్లో ఫిజిక్స్ చదివితే ఒకే లైను నాలుగుసార్లు చదువుతున్నానని గమనించాను. మా అమ్మ పంపిన పల్లీ పట్టీ ఒకటి, రాత్రి నానబెట్టిన శనగలు ఒక గుప్పెడు తిని కూర్చోవడం మొదలుపెట్టాను. ర్యాంకు పెరిగిందని చెప్పను, ఇంకా పరీక్షలే రాలేదు. కానీ ఒక పేజీ ఒకసారి చదివితే సరిపోతోంది. తల్లిదండ్రులు హాస్టల్ చూడటానికి వచ్చినప్పుడు గదులు, ఏసీ చూస్తారు. టిఫిన్ ఎన్నింటికి, తినడానికి ఎన్ని నిమిషాలు ఇస్తారు అని ఎవరూ అడగరు. దయచేసి అడగండి.

కూకట్‌పల్లి నాన్న | బుధవారం, మధ్యాహ్నం 1:00

తార్నాక విద్యార్థినిగారూ, జమైకా సంగతి చెప్పినందుకు థాంక్స్. నిన్న రాత్రి నేనూ కొంత చదివాను. ఇంగ్లండ్‌లో 2016లో ఫలితాలు వచ్చిన ప్రయోగం ఒకటుంది. 106 ప్రైమరీ బడుల్లో, క్లాసులు మొదలవకముందే బడిలో ఉచితంగా టిఫిన్ పెట్టించడానికి సాయం చేశారు. అక్కడ రెండో తరగతి లాంటి 'ఇయర్ 2' పిల్లలు ఏడాదిలో మామూలు కంటే సుమారు రెండు నెలల చదువు ఎక్కువ ముందుకెళ్లారు. విచిత్రమేంటంటే, టిఫిన్ తినేవాళ్ల సంఖ్య పెద్దగా పెరగలేదు. ఇంట్లో తినేవాళ్లు బడిలో తిన్నారు. అయినా క్లాసులో అల్లరి తగ్గింది, గైర్హాజరు తగ్గింది. అంటే తిండితోపాటు, వేళకి ముందే వచ్చి తోటివాళ్లతో కూర్చుని నెమ్మదిగా రోజు మొదలుపెట్టడం కూడా పని చేసిందన్నమాట.

లెక్కల సారుకి ఒక మాట. నేను ముందు రాసింది మా ఇంటి పిల్లాణ్ని చూసి రాసినది. ఆటో అన్న పోస్టు చదివాక, నేను అడిగిన ప్రశ్న ఎవరి పిల్లల గురించో నాకు అర్థమైంది. మా బాబు కడుపు మాడదు. రాత్రి నిండుగా తింటాడు, 10 గంటలకి డబ్బా తెరుస్తాడు. ఆ రెండోది లేని పిల్లలకి తేడా పెద్దదే.

లెక్కల సారు | బుధవారం, రాత్రి 8:45

కూకట్‌పల్లి నాన్నగారూ, మీ ప్రశ్న వల్లే ఇంత వివరం బయటికొచ్చింది. అడుగుతూనే ఉండండి.

బడిలో పెట్టడం గురించి నా గోడు చెప్పుకోనివ్వండి. మధ్యాహ్న భోజనం ఇవాళ మనకి మామూలు విషయం. వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించాకే అది దేశమంతా నిలబడింది. ప్రైమరీ పిల్లాడికి 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్, ఆరు నుంచి ఎనిమిది తరగతులకి 700 కేలరీలు, 20 గ్రాములు అని కొలత ఉంది. మంచిదే. కానీ ఆ అన్నం వచ్చేసరికి నాలుగు పీరియడ్లు అయిపోతాయి. టైంటేబుల్లో లెక్కలు, సైన్సు పొద్దున్నే వేస్తాం, బుర్ర అప్పుడు చురుగ్గా ఉంటుందని. 2020 జాతీయ విద్యావిధానంలో కూడా మంచి టిఫిన్ తర్వాతి పొద్దుటి గంటలే కష్టమైన సబ్జెక్టులకి బాగుంటాయని రాశారు, బడిలోనే టిఫిన్ పెట్టాలన్నారు. ఆ మొదటి సగం లేకుండా రెండో సగం మాత్రమే మేం అమలు చేస్తున్నాం. తిని వచ్చారో లేదో చూడకుండా లెక్కలు పొద్దున్నే వేసేస్తున్నాం.

తమిళనాడులో బడిలో టిఫిన్ పెట్టడం 2022 సెప్టెంబరు 15న మదురైలో మొదలుపెట్టి, మరుసటి ఏడాది సర్కారు ప్రైమరీ బడులన్నిటికీ తీసుకెళ్లారు. ఉప్మా, కిచిడీ, పొంగల్. మన తెలంగాణలో 2023 అక్టోబరు 6న ఒకటి నుంచి పదో తరగతి దాకా అని ప్రారంభించారు. ఆ రోజుల్లో పక్క వీధి బడికి పనిమీద వెళ్లాను. ఎప్పుడూ ప్రార్థన అయ్యాక గేటు దగ్గర గుంపుగా నిలబడే పిల్లలు, మొదటి బెల్లుకి ఇరవై నిమిషాల ముందే వరండాలో పళ్లేలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. రాగి జావ ఇస్తున్న బడుల్లోనూ అంతే, గ్లాసు వేడిగా ఉంటే చొక్కా అంచుతో పట్టుకుని తాగుతారు. ఇది ఒక పార్టీదీ కాదు, ఒక ఏడాదిదీ కాదు. మధ్యాహ్నం అన్నం ఎలా నిలబడిందో పొద్దుటి టిఫిన్ అలా నిలబడాలి. మా పిల్లలకి కావలసింది అది.

ఇంకొకటి. రంజాన్ నెలలో మా పై తరగతుల పిల్లలు చాలామంది రోజా ఉంటారు. తెల్లవారకముందే సహరీ తిని వస్తారు కాబట్టి మొదటి రెండు పీరియడ్లు చాలా చురుగ్గా ఉంటారు. ఆ నెలంతా కొత్త పాఠం అప్పుడే చెబుతాను. పన్నెండు తర్వాత పాత లెక్కలు తిరగేయిస్తాను. మిగతా నెలల్లో ఖాళీ కడుపుతో వచ్చే పిల్లలది దీనికి తిరగబడ్డ కథ.

తార్నాక విద్యార్థిని | గురువారం, ఉదయం 7:00

ఏం పెట్టాలో చాలామంది విడిగా మెసేజ్ చేసి అడిగారు. ఇక్కడే రాస్తాను.

పిల్లల మెదడు ఒంటి సైజుకి మించి తింటుంది. మామూలుగా ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవాళ్ల ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు ఐదో వంతు మెదడుదే. చిన్నపిల్లల్లో ఆ వాటా ఇంకా చాలా ఎక్కువ. రాత్రంతా కాలేయం దాచుకున్న గ్లూకోజే దానికి ఆధారం. పిల్లల కాలేయం చిన్నది, దాచుకునేదీ తక్కువే.

అందుకని గ్లూకోజ్ గబగబా రక్తంలోకి వదిలే తిండి పెడితే సరిపోతుందనుకోకండి. తీపి కార్న్‌ఫ్లేక్స్, బ్రెడ్డు జామ్, పాలల్లో కలిపే చాక్లెట్ పొడులు తొందరగా అరిగి, బ్రేక్‌కి ముందే మళ్లీ ఆకలేస్తుంది. ఆ పొడుల్ని "హెల్త్ డ్రింక్స్" అనే వరసలో అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకాల సైట్లకి చెప్పింది కూడా. చట్టంలో అసలు ఆ పేరుతో వర్గమే లేదు.

పప్పు, పెరుగు, గుడ్డు, పల్లీలు, వీటిలో ఒకటి ఉండేట్టు చూడండి చాలు. ఇడ్లీ పెడితే సాంబారులో పప్పు చిక్కగా ఉండనివ్వండి, లేదా పల్లీ చట్నీ. పెసరట్టు ఒక్కటే చాలు. అందులో పెసలే ఉన్నాయి. అటుకుల్లో పల్లీలు వేసి నిమ్మకాయ పిండండి, నిమ్మలోని విటమిన్ సి ఐరన్‌ని పట్టిస్తుంది. నానమ్మగారి గట్క, చల్ల చాలా మంచి జోడీ.

ఆటో అన్నా, మీకు ప్రత్యేకంగా చెబుతాను. రాత్రి నాలుగు గుడ్లు ఉడకబెట్టి పెంకు తీయకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున ఒక్కొక్కరికి ఒక గుడ్డు, ఒక అరటిపండు. పొయ్యి వెలిగించే పనిలేదు.

ఘట్‌కేసర్ నానమ్మ | గురువారం, ఉదయం 10:30

ఆటో నడిపే కొడుకా, ఫ్రిజ్ లేకపోతే ఉడికిన గుడ్డు రాత్రి ఉంచకు, పొద్దుగాలే ఉడకబెట్టు. ఎక్కువ సేపు పట్టది. సద్దికి రాత్రి కొంచెం అన్నం ఎక్కువ వండుమని చెప్పు కోడలికి. గోరువెచ్చగ ఆరినంక నీళ్లు పోసి, మూత పెట్టు. తెల్లారి పెరుగు, ఉప్పు కలుపు. వాసన మారితే మాత్రం పారబొయ్యి, పిల్లలకు పెట్టకు.

నీ పెండ్లాం నాలుగు ఇండ్లల్ల వండుతదన్నవు. ఆ ఇండ్లోళ్లను అడిగి ఒక గంట ఆలస్యంగ పోతనని చెప్పరాదా? అడిగితే కాదనరేమో.

బోరబండ ఆటో అన్న | గురువారం, రాత్రి 11:55

నానమ్మా, ఒక ఇంటోళ్లు ఒప్పుకున్నరు. ఆరింటికి బదులు ఏడింటికి రమ్మన్నరు. ఇంకో ఇంటోళ్లు వేరే మనిషిని చూసుకుంటమన్నరు. చూస్తున్నం.

బోడుప్పల్ అమ్మ | రెండు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:15

అందరికీ ఏం జరిగిందో చెప్పాలి కదా.

ముందు రాత్రి భోజనం మార్చాం. పాపకి 7:45కి పెట్టేస్తున్నాను. మా వారు వచ్చేసరికి పడుకునే ఉంటుంది. మొదటి మూడు రోజులు "నాన్నతో తింటా" అని ఏడ్చింది. అందుకని ఆదివారం మధ్యాహ్నం భోజనం ఆయన చేత్తోనే కలిపి పెడుతున్నారు. 9:15కి నిద్ర. 6:10కి తనే లేస్తోంది, లేచి అటూ ఇటూ తిరిగే పావుగంట దొరికింది. అసలు ఆకలి పుట్టింది ఆ పావుగంటలోనే.

నానమ్మగారు చెప్పిన పెరుగన్నం దిగింది. చిన్న గిన్నెడే, దానిమ్మ గింజలు వేస్తే తనే తింటుంది. వాంతి లేదు. రెండు రోజులు పెసరట్టు చుట్టి బస్సులో తినమని ఇచ్చాను, పక్క పిల్లతో పంచుకుని తింటోందట. ఒక గురువారం ఏమీ తినకుండా వెళ్లింది, బలవంతం చేయలేదు.

హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది. డాక్టరుగారూ, మీరు చెప్పకపోతే నేను ఇడ్లీ, నిద్ర అని కొట్టుకుంటూనే ఉండేదాన్ని. మా దగ్గరి డాక్టరు సిరప్ రాశారు, మూడు నెలలు వాడమన్నారు.

నిన్న టీచరుని కలిశాను. తల వాల్చడం తగ్గిందన్నారు. లెక్కలు ఇంకా నెమ్మదే, కానీ మొదలుపెట్టినది పూర్తి చేస్తోందట. ఎంత వరకు తిండి, ఎంత వరకు నిద్ర, ఎంత వరకు సిరప్ అంటే నేను విడదీసి చెప్పలేను. మూడూ ఒకేసారి మార్చాను. కూకట్‌పల్లి నాన్నగారు ఏమనుకున్నా సరే, నా పిల్ల మీద ఒక్కొక్కటీ విడివిడిగా మార్చి చూసే ఓపిక నాకు లేదు.

కూకట్‌పల్లి నాన్న | ఆదివారం, సాయంత్రం 6:00

అమ్మా, మీరు చేసిందే సరి. నేను తల్లినైనా అదే చేసేవాణ్ని.

లెక్కల సారూ, మీ ఏడో తరగతిలో ఎంతమంది పిల్లలు? మా అపార్ట్‌మెంటులో ఇరవై కుటుంబాలం మాట్లాడుకున్నాం. పొద్దున మొదటి బెల్లుకి ముందు పల్లీ పట్టీ, అరటిపండు ఇవ్వాలని. ముందు ఒక తరగతికి, ఈ ఏడాది పరీక్షలయ్యేదాకా. హెడ్‌మాస్టరుగారి అనుమతి కావాలంటే ఉత్తరం నేను రాస్తాను.

లెక్కల సారు | ఆదివారం, రాత్రి 7:20

41 మంది. ఇద్దరికి పల్లీలు పడవు, వాళ్లకి వేరే ఇద్దాం. రేపు పొద్దున హెడ్‌మాస్టరుగారితో మాట్లాడతాను. ఒప్పుకుంటే బుధవారం నుంచి. కానీ ఒక తరగతికే ఇస్తే పక్క తరగతి పిల్లలు కిటికీలోంచి చూస్తూ నిలబడతారు. ఆరో తరగతి కూడా కలిపితే 83 మంది అవుతారు. అన్ని కుదురుతాయా, చెప్పండి.

ఘట్‌కేసర్ నానమ్మ | ఆదివారం, రాత్రి 7:50

మా ఇంటెనుక అరటి తోట ఉన్నది. వారానికి రెండు గెలలు నేను పంపుత. ఆటో కొడుకా, ఘట్‌కేసర్ దాక వచ్చి తీస్కపోతవా?

బోరబండ ఆటో అన్న | ఆదివారం, రాత్రి 11:40

వస్త నానమ్మా. మంగళవారం రాత్రి ఉప్పల్ దిక్కు కిరాయి ఉన్నది, అట్నుంచి అటే వస్త. గెలలు గేటు కాడ పెట్టుండ్రి, నిద్ర చెడగొట్టుకోకండి.